ఎవరూ ఈల వెయ్యని ఆట

ఉయ్యూరులో మాకు సినిమా కంటే ముందు దాని కథ వచ్చేది. బెజవాడలో ఆడిన బొమ్మ మా ఊరి హాలుకి రావాలంటే నెలలు పట్టేది. అందుకని షుగర్ ఫ్యాక్టరీలో పనిచేసే కుర్రాళ్లు మొదటి రోజే బస్సెక్కి వెళ్లి చూసొచ్చి, మా అరుగు మీద కూర్చుని కత్తియుద్ధాలతో సహా చెప్పేవారు. వాళ్లంతా మిషన్ స్కూల్లో అమ్మ దగ్గర చదువుకున్నవాళ్లే. మీసాలొచ్చి అభిమాన సంఘం పెట్టుకున్నా, టీచరుగారికి చెప్పందే వాళ్లకి సినిమా చూసినట్టుండేది కాదు.

వాటిలో మూడు భాగాల మాంత్రికుడి సినిమా ఒకటుంది, అదంటే అమ్మకి మహా పిచ్చి. మొదటి భాగంలో వాడు రాణిని రాయి చేస్తాడు. రెండో భాగంలో కొడుకు సముద్రాలు దాటి ఆమె ఉన్న గుహ కనిపెడతాడు. మూడో భాగం కోసం అందరం కాచుక్కూర్చున్నాం. పాఠాలు చెప్పేదానివి, నీకీ గారడీలేమిటని నాన్న విసుక్కునేవారు. అందులో చెడ్డవాడెవడో మొదటి సీన్లోనే తెలుస్తుంది, కత్తి ఎవడి మీద దూయాలో తెలుస్తుంది, బయట ఆ సుఖం ఎక్కడుంది అనేది అమ్మ. నాకిప్పటికీ అంతకంటే మంచి కారణం దొరకలేదు.

ఆ మాట అనేటప్పటికే అమ్మ కడుపులో గడ్డ పెరుగుతోంది. గుంటూరు వెళ్లి ఆపరేషన్ చేయించుకోవాలని, ఆలస్యం చేస్తే ఎవరి చేతుల్లోనూ ఉండదని డాక్టరుగారు చెప్పారు. అమ్మ ససేమిరా అంది. నాన్న బతిమాలారు, కోప్పడ్డారు, గుణదల మేరీమాత కొండెక్కి మొక్కుకొచ్చారు. చివరికి ఒక సాయంత్రం అమ్మ అరుగు మీద అందరి ముందూ తేల్చేసింది.

"మూడో భాగంలో ఆ రాణి లేచిందనుకోండి, నేనూ గుంటూరు వస్తా. లేవకపోతే నన్నిక అడక్కండి."

ప్రార్థన చేసుకోవాల్సింది పోయి సినిమా మీద పందెం కడతావా అని నాన్న తల పట్టుకున్నారు. కుర్రాళ్లు మాత్రం లేవకేం చేస్తుందండీ అని భరోసా ఇచ్చేశారు.

సినిమా బెజవాడలో విడుదలైంది. కుర్రాళ్లు వెళ్లారు. ఆ సాయంత్రం చాపలు పరిచి ఎదురుచూశాం. ఒక్కడూ రాలేదు. మర్నాడు టీకొట్టు దగ్గర సంఘం పెద్దని నేను పట్టుకుంటే, ముందే చెబితే మజా ఉండదని నేలచూపులు చూశాడు. ఎన్నడూ లేనిది ఈ కొత్త నియమం దేనికో నాకు అర్థమైంది. అమ్మ మాత్రం, అంత బాగుందన్నమాట అని మురిసిపోయింది.

వానలు వెనకబట్టాక సినిమా మా హాలుకి వచ్చింది. అప్పటికి అమ్మ సగమైంది. కుర్రాళ్లు కుర్చీతో సహా మోసుకెళ్లి ఆడవాళ్ల వైపు కూర్చోబెట్టారు. సినిమా హాలు గడప తొక్కని నాన్న కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. చివర్లో మాంత్రికుడు చచ్చాడు. కొడుకు రాతి రాణి ముందు నిలబడి గద పైకెత్తాడు. అంతే, తెర తెల్లబడి లైట్లు వెలిగాయి. ఆపరేటరు బయటికొచ్చి, ఆఖరి రీలు కాలిపోయిందండీ, ఏముంది, రాణిగారు లేస్తారు, శుభం అని చెప్పాడు.

మా ఊళ్లో రీలు తెగితే ఈలలు, బూతులు, బల్లలు విరగడం, డబ్బులు వాపసిమ్మని గోల మామూలే. ఆ రోజు కిక్కిరిసిన హాలు చర్చిలో కూర్చున్నట్టు కూర్చుంది. ఆఖరి రీలు దాచెయ్యడానికి సంఘం వాళ్లు ఊరంతటినీ ఒప్పించారు, ఆపరేటరుతో సహా. అన్నీ ఆలోచించారు గానీ ఈల వెయ్యాలని ఒక్కడికీ తట్టలేదు.

అమ్మ వెనక్కి తిరిగి ఆ మొహాలన్నీ చూసింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని నెమ్మదిగా అడిగింది.

"పగలగొట్టేశాడు కదే?"

అమ్మ తెర వైపు చూసి, గొంతు పెంచి, గుంటూరు ఎప్పుడు వెళ్దామని నాన్నని అడిగింది. అప్పుడు మోగాయి ఈలలు, రేకులు ఎగిరిపోయేలా. నాన్న జనం ముందే ఏడ్చేశారు.

రిక్షాలో ఇంటికొస్తుంటే, ఇంతమంది నా కోసం అబద్ధమాడితే కాదని ఎలా అంటానే అంది అమ్మ.

ఆపరేషనయ్యాక అమ్మ కళ్లు తెరవలేదు. శవపేటిక మోసింది ఆ కుర్రాళ్లే. ఇప్పటికీ ఎక్కడైనా కనిపిస్తే, టీచరుగారు ధైర్యంగా, నమ్మకంతో వెళ్లారండీ, మాకదే తృప్తి అంటారు. నేను అవునంటాను.