నచ్చకపోతే వచ్చేద్దాం

మేము న్యూజిలాండ్ వెళ్ళింది ఒక షరతు మీద. ఆ షరతు పెట్టింది మా ఆవిడ. ఆమె ఏలూరులో ఒక ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు, నేను జూనియర్ కాలేజీలో కామర్స్ లెక్చరర్ని. వీసా వచ్చింది ఆమె నర్సింగ్ చదువుని చూసి. నేను సూట్‌కేసులతో పాటు ఆమె వెనకాల వెళ్ళేవాణ్ణి. ఆ సంగతి మింగుడుపడక నేను నాలుగు రోజులు మొహం ముడుచుకుని తిరిగితే, ఒక ఆదివారం చర్చి నుంచి నడిచి వస్తూ అంది: "రెండేళ్ళు చూద్దామండీ. మీకు నచ్చకపోతే వచ్చేద్దాం. మాటిస్తున్నాను."

కామర్స్ చెప్పే మనిషన్నాక నచ్చడమంటే ఏమిటో, అది తేల్చేది ఎవరో అడగాలి. నేను అడగలేదు. తేల్చేది నేనేనని అర్థమైంది కాబట్టే అడగలేదు.

ఇది రెండువేల మూడు, నాలుగు ప్రాంతం సంగతి. వెల్లింగ్టన్ అద్దెలు మా వల్ల కాక పక్కనున్న లోవర్ హట్‌లో దిగాం. మాకప్పటికి పిల్లల్లేరు. ఆమెకి ముసలివాళ్ళని చూసుకునే ఒక రెస్ట్‌హోమ్‌లో ఉద్యోగం దొరికింది. నాకు నాలుగు నెలలు ఏదీ దొరకలేదు. లోకల్ ఎక్స్‌పీరియన్స్ లేదన్నారు. నిజమే, నా ఎక్స్‌పీరియన్స్ అంతా పశ్చిమ గోదావరిలోనే ఉండిపోయింది. చివరికి తలుపులూ కిటికీలూ తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో డిస్పాచ్ గుమాస్తాగా చేరాను. పదకొండేళ్ళు డెబిట్, క్రెడిట్ చెప్పిన నోటితో ఎన్ని తలుపులు లారీ ఎక్కాయో చెప్పడం మొదలుపెట్టాను.

ఇంటికొచ్చి రోజూ ఒకటే పాట. గాలి నచ్చలేదు. బ్రెడ్డు నచ్చలేదు. సాయంత్రమయ్యేసరికి షాపులు మూసేయడం నచ్చలేదు. పక్కింటాయన ఎదురుపడినప్పుడల్లా నవ్వడం కూడా నచ్చలేదు. ముక్కూమొహం తెలియని మనిషిని చూసి ఎందుకు నవ్వాలి? ఆమె అన్నీ వినేది. విని, పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగేది. సరిపోయిందని చెప్పడం కూడా నాకు కష్టంగానే ఉండేది.

ఫ్యాక్టరీలో టీ విరామాన్ని స్మోకో అంటారు, పొగ తాగినా తాగకపోయినా. ఆ స్మోకో గదిలో గోడకి ఒక పెద్ద అట్ట అంటించి ఉండేది. దాని యజమాని మా ఫోర్మన్. ఇంగ్లండు నుంచి వచ్చి ముప్పై ఏళ్ళయినా ఆయన మనసు అక్కడి ఫుట్‌బాల్ మైదానాల్లోనే ఉండేది. ఇంగ్లండులో నిజంగా ఆడే ఆటగాళ్ళని ఫ్యాక్టరీలో పదిమంది ఆ అట్ట మీద పంచుకున్నారు. వాళ్ళక్కడ గోలు కొడితే వీళ్ళకిక్కడ పాయింట్లు. దీన్ని ఫాంటసీ ఫుట్‌బాల్ అంటారు. ఒక ఆటగాడు ఒక్కరికే చెందుతాడు. కావాలంటే ఇంకొకరితో మార్చుకోవచ్చు, దాన్ని ట్రేడ్ అంటారు. సోమవారం పేపరు రాగానే పదిమందీ దాని మీద పడేవాళ్ళు. బంతిని కంటితో చూడకుండా, పన్నెండు వేల మైళ్ళ దూరంలో ఎవరి చీలమండ బెణికిందో చర్చించుకునే ఈ పెద్దమనుషులని చూసి మొదట్లో నాకు జాలేసింది.

అలాంటి గొడవలో నన్ను ఇరికించింది ఒక మోకాలు. ఫోర్మన్ దగ్గర మోకాలు దెబ్బతిన్న స్ట్రైకర్ ఒకడు ఉన్నాడు. సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి నడిపే సమోవా దీవుల ఆయన వాణ్ణి తీసుకుని ఒక మామూలు డిఫెండర్ని ఇచ్చాడు. దానికి ఫోర్మన్ ఒక షరతు పెట్టాడు: మోకాలు బాగై క్రిస్మస్‌లోపు స్ట్రైకర్ ఆడితే, ఫోర్క్‌లిఫ్ట్ ఆయన తన గోల్‌కీపర్ని కూడా ఇవ్వాలి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుందని నవ్వుకున్నాను. నవంబరులో ఆ స్ట్రైకర్ ఒక ఆట ఆఖరి నాలుగు నిమిషాలకి దిగాడు. బంతిని ఒక్కసారి తన్నాడు. మళ్ళీ మోకాలు పట్టుకుని కూర్చున్నాడు.

"ఆడాడు. గోల్‌కీపర్ని ఇచ్చెయ్," అన్నాడు ఫోర్మన్.

"అది ఆడటమా? కాళ్ళు తిమ్మిరెక్కితే లేచి నిలబడటం," అన్నాడు ఫోర్క్‌లిఫ్ట్ ఆయన.

వారం రోజులు ఇద్దరికీ మాటల్లేవు. ఫోర్క్‌లిఫ్ట్ ఫోర్మన్ వైపు వెళ్ళడం మానేసింది. తలుపులు గుట్టపడిపోయాయి, నా లారీలు ఖాళీగా నిలబడ్డాయి. చివరికి తగువు తీర్చమని నన్నే అడిగారు. నాకు ఆ ఆట గురించి ఏమీ తెలియదు కాబట్టి పక్షపాతం ఉండదన్నది వాళ్ళ నమ్మకం.

నాకు ఫుట్‌బాల్ తెలియదు గానీ మొక్కుబడులు తెలుసు. నేను ఇంటర్ రాసినప్పుడు మా అమ్మ చర్చిలో మొక్కుకుంది: "మావాడు పాసైతే కోత పండక్కి కోడిపుంజునిస్తాను." నేను లెక్కల్లో తప్పి, సప్లిమెంటరీలో గట్టెక్కాను. పాసయినట్టా, కానట్టా? అమ్మ రెండ్రోజులు ఆలోచించి, పుంజుకి బదులు పెట్టని పట్టుకెళ్ళింది. పాస్టరుగారు నవ్వి, దేవుడు సర్దుకుంటాడులే అన్నారు. కోత పండగ వేలంలో ఆ పెట్ట మంచి ధరే పలికింది.

ఇదంతా స్మోకో గదిలో వాళ్ళకి నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. నాలుగు నిమిషాలు ఆడటం సప్లిమెంటరీ పాసు లాంటిది, కాబట్టి అసలు గోల్‌కీపర్ని కాకుండా ఫోర్క్‌లిఫ్ట్ ఆయన దగ్గర బెంచీ మీదున్న రెండో గోల్‌కీపర్ని ఇవ్వాలి అన్నాను. అంతా విని ఫోర్మన్, "మీ అమ్మ ఈ లీగులో ఉండాల్సింది," అన్నాడు. ఇద్దరూ చేతులు కలిపారు.

ఆ రోజు నుంచి షరతులు రాసే పని నాది. ఒక నోట్‌బుక్ కొన్నాను, అది రోజూ నా టిఫిన్ సంచిలోనే ఇంటికొచ్చేది. ఏం జరగాలి, ఎప్పటిలోపు జరగాలి, జరిగిందని ఎవరు చెప్పాలి, సగమే జరిగితే ఏమిటి. ఈ నాలుగూ రాయకుండా ఏ ట్రేడూ ఒప్పుకునేవాణ్ణి కాదు. ఇంకో నియమం కూడా పెట్టాను: షరతు తేలేదాకా ఆ ఆటగాణ్ణి ఇంకెవరికీ ఇస్తానని మాటివ్వకూడదు. పెయింటింగ్ సెక్షన్ కుర్రాడొకడు "వాడు బాగా ఆడితే" అని రాయమన్నాడు. బాగా అంటే ఏమిటన్నాను. చూస్తే తెలుస్తుందన్నాడు. చూసేది ఎవరన్నాను. కాగితం చింపి వాడి చేతిలో పెట్టాను. క్లాసులో చాక్‌పీసు విసిరినంత హాయిగా అనిపించింది.

నిజం చెప్పాలంటే, ఆ ఊరు నాకు నచ్చింది అప్పుడే. స్మోకోకి నేను నాలుగు నిమిషాలు ఆలస్యమైతే ఫోర్క్‌లిఫ్ట్ ఆయన నా కుర్చీ మీద తన టోపీ పెట్టి ఉంచేవాడు. ఒక సాయంత్రం పక్కింటాయన్ని చూసి నేనే ముందు నవ్వాను, తర్వాత ఎవరైనా చూశారేమోనని అటూఇటూ చూశాను. ఇంట్లో మాత్రం గాలి నచ్చలేదనే చెప్తూ వచ్చాను. అసలు నాకు నచ్చనిది గాలి కాదు. ఆమె తీసుకొస్తే వచ్చినవాణ్ణి కావడం. వెనక్కి వెళ్దాం అనే హక్కొక్కటే నా చేతిలో ఉంది. దాన్ని ఊరికే ఎవరు వదులుకుంటారు?

ఏప్రిల్ ఆఖరుకి రెండేళ్ళు నిండుతాయనగా, ఒక మధ్యాహ్నం ఆమెని తీసుకురావడానికి రెస్ట్‌హోమ్‌కి వెళ్ళాను. మాకున్నది ఒకటే కారు. ఆమె బట్టలు మార్చుకుంటుంటే అక్కడి మేనేజరమ్మ బయటికొచ్చి పలకరించింది.

"మీ ఆవిడ మనసు మీరైనా మార్చండి. టీమ్ లీడర్‌గా ఉండమని మూడుసార్లు అడిగాం. ఏప్రిల్ దాటాక అడగండి అంటుంది. ఏప్రిల్‌లో ఏముంది?"

ఏప్రిల్‌లో ఏముందో నాకు తెలుసు. తెలియదన్నాను.

కారు ఎక్కగానే నాకు ఒళ్ళు మండింది. తప్పు నాదైనప్పుడు నాకు మామూలు కంటే ఎక్కువ కోపం వస్తుంది.

"మూడుసార్లు అడిగారట. నాకొక్క ముక్క చెప్పాలనిపించలేదా?"

"చెప్తే మిమ్మల్ని తోసినట్టు ఉంటుందండీ."

"ఒప్పుకుంటే నీ సొమ్మేం పోయింది?"

"ఒప్పుకున్నాక మీరు నచ్చలేదు, పోదామంటే? వాళ్ళని మధ్యలో వదిలేసి ఎలా వస్తాను? మాటిచ్చానుగా మీకు." ఇంకా అంది: "మీ పుస్తకంలో కూడా అదేగా రాశారు. తేలేదాకా ఇంకెవరికీ మాటివ్వకూడదని."

"అది ఆటకి రాసింది."

"బాగానే రాశారు," అంది. ఎత్తిపొడుపు లేదు. ఆమె నిజంగానే మెచ్చుకుంది.

సిగ్నల్ దగ్గర కారు ఆగింది. ఆమె నా వైపు తిరిగింది. "ఇంతకీ మీకు నచ్చిందా, లేదా?"

నచ్చింది అనడానికి ఒక్క క్షణం పడుతుంది. కానీ రెండేళ్ళుగా తిట్టిన ఊరిని సిగ్నల్ దగ్గర, అదీ పోట్లాట మధ్యలో, మెచ్చుకోవడమా? నా పరువేం కాను?

"గడువు ఇంకా మూడు వారాలుంది. ఆ రోజు చెప్తాను."

"మీ ఇష్టం," అంది ఆమె.

మర్నాడు స్మోకోలో మా షరతుని నోట్‌బుక్‌లో రాసి చూశాను. ఏం జరగాలి: నచ్చాలి. ఎప్పటిలోపు: రెండేళ్ళు. ఎవరు చెప్పాలి: నేను. అక్కడికి వచ్చేసరికి ఫోర్మన్ నా భుజం మీద నుంచి తొంగిచూశాడు. ఎవరీ ఆటగాడు అన్నాడు. దాచడం చేతకాక మొత్తం చెప్పాను.

"లాభం నీది, తీర్పూ నీదేనా? ఇలాంటిది మేం రాసిస్తే నువ్వు చింపి మా మొహాన కొట్టేవాడివి," అన్నాడు.

"తెలుసు. నేను ఉండిపోదామనే చెప్పబోతున్నాను."

"మరి చెప్పెయ్."

"గడువు రాలేదు."

ఆయన టీ కప్పు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

ఆ మూడు వారాలూ నేను లోలోపల పండగ చేసుకున్నాను. ఆ రోజు ఎలా చెప్పాలో, ఏ మాటతో మొదలుపెట్టాలో ఆలోచించుకున్నాను. నా త్యాగాన్ని తలుచుకుంటే నా మీద నాకే గౌరవం పెరిగేది. ఇంట్లో మాత్రం ఏమీ బయటపడకుండా జాగ్రత్తపడ్డాను. గాలి గురించి ఇంకో రెండుసార్లు విసుక్కున్నాను కూడా.

రెండేళ్ళు నిండిన రోజు మంగళవారం. బేకరీలో కేకు కొనుక్కుని ఇంటికెళ్ళాను. ఆమె వంటింట్లో ఫ్రోజెన్ బెండకాయల పాకెట్ కత్తిరిస్తోంది. కేకు బల్ల మీద పెట్టి, గొంతు సవరించుకుని, "నాకు నచ్చింది. ఉండిపోదాం," అన్నాను.

"సంతోషమండీ," అంది. నిజంగానే సంతోషపడింది. కత్తెర పక్కన పెట్టి చేతులు తుడుచుకుంది.

"రేపే వెళ్ళి ఆ పోస్టుకి సరేనని చెప్పు."

"అది మొన్న శుక్రవారం ఇంకొకావిడకి ఇచ్చేశారండీ. ఇంక ఆగలేమన్నారు. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చినావిడ. మంచి పిల్ల."

నా నోట వచ్చింది తప్పుడు మాటే. "శుక్రవారం ఇచ్చేస్తారని నాకు ముందే చెప్పాల్సింది."

"రోజూ మీ మొహం చూశాను, ఇవాళ చెప్తారేమోనని. శుక్రవారం పొద్దున మీ టిఫిన్ డబ్బా సర్దుతూ కూడా చూశాను. మీరు పేపర్లో స్కోర్లు చూసుకుంటున్నారు."

ఆమె ఏడవలేదు, గొంతు కూడా పెంచలేదు. కేకు కోసి, ముందు నాకే పెట్టింది. సిగ్గుతో చచ్చిపోయాను, కేకు మాత్రం తిన్నాను. ఆ పోస్టు మళ్ళీ ఖాళీ అవడానికి నాలుగేళ్ళు పట్టింది. ఆ నాలుగేళ్ళూ ఆమె తనకంటే చిన్నావిడ వేసిన డ్యూటీ చార్టు చూసుకుని పనికెళ్ళింది.

ఆ సాయంత్రం, రెండో ముక్క కోస్తూ, ఆమె ఒక్కటే అడిగింది.

"ఎప్పటి నుంచి నచ్చిందండీ?"

అప్పటికి ఏడాది దాటింది.

"ఈ మధ్యే," అన్నాను.