క్వార్టర్ ఎవరిదని అడిగితే

కరోనా సెలవులు ముగిసి కాలేజీలు తెరిచిన ఏడాది, గోదావరిఖనిలో ఒక పీజీ కాలేజీ స్కాలర్‌షిప్ సెక్షన్‌లో నన్ను అవుట్‌సోర్సింగ్ పద్ధతిలో జూనియర్ అసిస్టెంటుగా తీసుకున్నారు. పాప పుట్టేదాకా అక్కడే పనిచేశాను. నా పైన సీనియర్ అసిస్టెంటు, సూపరింటెండెంటు, ప్రిన్సిపాల్ ఉండేవారు. సంతకాలు వాళ్లవి, క్యూ నాది.

పని చెప్పడానికి తేలిక. విద్యార్థి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టి ప్రింటు తెస్తాడు. దాన్ని అసలు సర్టిఫికెట్లతో పోల్చి, వేలిముద్ర తీసుకుని, జిల్లా సంక్షేమ శాఖకు పంపాలి. మంజూరైతే ఫీజు ప్రభుత్వం కడుతుంది. అన్నిటికీ మూలం తహసీల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం. దానికోసం గిర్దావర్, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టర్, ఇంటికి వెళ్లి విచారిస్తాడు. ఆ పత్రం లేకపోతే దరఖాస్తు కంప్యూటర్‌లో ముందుకు కదలదు.

ఆ ఏడాది రజిత ఎమ్మెస్సీలో చేరింది. తండ్రి ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు మీది మట్టి తీసే కాంట్రాక్టరు దగ్గర కూలి. అలాంటి ఇంటికి పత్రం రావడం కష్టం కాదు. అయినా తిరస్కరించారు. తండ్రి బొగ్గు గనుల కంపెనీలోనే పర్మనెంటు ఉద్యోగి అని కారణం రాశారు. పర్మనెంటు కార్మికుడి జీతం ఈ పథకం ఆదాయ పరిమితిని దాటిపోతుంది. ఫీజు సొంతంగా కట్టాల్సి వస్తే చదువు మానేస్తానని రజిత చెప్పింది. ఏడవలేదు. ముందే అనుకుని వచ్చినట్టు చెప్పింది.

గిర్దావర్‌కు ఫోన్ చేస్తే విసుక్కున్నాడు. “తల్లేమో పర్మనెంటు అంటది, బిడ్డేమో కూలి అంటది. నేనెవరి మాట రాసుకోవాలె మేడం?”

తల్లి కనకలక్ష్మిని పిలిపించాను. అప్పుడు విషయం బయటపడింది. వాళ్లుండే కంపెనీ క్వార్టర్ ఆమె అన్న మల్లేశ్‌ది. ఆయన సొంత ఇల్లు కట్టుకుని వెళ్లిపోతూ చెల్లెలి కుటుంబాన్ని అందులో ఉంచాడు. ఉద్యోగి తన క్వార్టర్‌లో మరొకరిని ఉంచడం నిబంధనలకు విరుద్ధం. అందుకే కంపెనీ వాళ్లు అప్పుడప్పుడు తనిఖీకి వస్తారు. ఇలా ఉండేవాళ్లంతా తనిఖీకి ఒకే జవాబు సిద్ధంగా పెట్టుకుంటారు: క్వార్టర్ మా ఇంటాయనదే, డ్యూటీకి పోయిండు. చేతిలో కాగితాలతో వచ్చిన మనిషిని చూసి కనకలక్ష్మి ఆ జవాబే చెప్పింది.

“ఎవలడిగినా గట్లనే చెప్పాలెనని మా అన్ననే నేర్పిండు. గిర్దావర్ అని నొసటి మీద రాసుకొచ్చిండా?” అని నన్నే దబాయించింది.

“కాలనీల మా అమ్మంత పక్కాగ ఎవ్వరు చెప్పరు మేడం,” అంది తోడొచ్చిన రజిత నవ్వుతూ.

“నవ్వు బిడ్డా, ఫీజు కట్టేనాడు గూడ గిట్లనే నవ్వు.”

తహసీల్దారుకు అర్జీ పెట్టుకుంటే మళ్లీ విచారణ చేస్తారు. కానీ అప్పుడు నిజం చెబితే, కూలి మనిషి కంపెనీ క్వార్టర్‌లో ఎలా ఉంటున్నాడన్నది కూడా నివేదికలోకి ఎక్కుతుంది. అది కంపెనీ దాకా పోదని నేను హామీ ఇవ్వలేకపోయాను. అప్పటికి నేను కడుపుతో ఉన్నాను. సాయంత్రానికి కాళ్లు వాచేవి. ఎవరికైనా ధైర్యం చెప్పే ఓపిక కూడా ఉండేది కాదు.

మల్లేశ్ షిఫ్టు దిగి నేరుగా ఆఫీసుకు వచ్చాడు. ఆయన రిటైర్మెంటు దగ్గర పడింది. “దిగిపోయే ముందు నోటీసొస్తే నా పైసలన్నీ ఆగుతయి మేడం. చెల్లెను ఖాళీ చెయ్యమంటే నలుగురు నన్ను తిడ్తరు. మీరే ఏదన్న తొవ్వ చూపెట్టుండ్రి,” అన్నాడు. పక్కనే ఉన్న కనకలక్ష్మి అంతా విని, “తిట్టేటోళ్లు ఫీజు కడ్తరా అన్నా? నువ్వు ఊకో. మేమే పోతం,” అంది.

రేకుల గది ఒకటి కిరాయికి తీసుకుని క్వార్టర్ ఖాళీ చేశారు. ఆధార్‌లో చిరునామా మార్చుకుని, కాంట్రాక్టరు దగ్గర కూలి పని చేస్తున్నట్టు ఆయనతోనే కాగితం రాయించుకుని అర్జీ పెట్టారు. గిర్దావర్ రెండోసారి వెళ్లినప్పుడు, ఆయన నోరు తెరవకముందే కనకలక్ష్మి కిరాయి సంగతి, కూలి సంగతి అంతా చెప్పేసిందట. దరఖాస్తు గడువు పొడిగించారు కాబట్టి పత్రం అందింది. ఫీజు మంజూరైంది. రజిత చదువు కొనసాగింది. కిరాయి కోసం కనకలక్ష్మి ఒక హాస్టల్ వంటగదిలో పనికి కుదిరింది.

ఆ తర్వాత నేను విద్యార్థులను ఆదాయం అడిగే ముందే, ఉంటున్న ఇల్లు ఎవరి పేరున ఉందని అడిగేదాన్ని. వేరేవాళ్ల క్వార్టర్ అంటే, విచారణకు ఎవరొస్తారో, నిజం చెబితే ఏం జరగవచ్చో వివరించేదాన్ని. కొందరు అది విని దరఖాస్తు పెట్టకుండానే వెళ్లిపోయారు. నేను ఆపలేదు. ఈ సాయం కోసం కొన్ని కుటుంబాలు ఉన్నదేదో వదులుకోవాల్సి వస్తుంది. ఆ సంగతి వాళ్లకు ముందే తెలియాలి. సెక్షన్‌లో కూర్చున్న మనిషి చేయగలిగింది అంతవరకే.