ఓదెమ్మ పొట్టేలు నెత్తురు

ఓదెమ్మంటే నాకు గిట్టదు. నేనంటే ఆమెకు అసలే గిట్టదు. పెద్దవంగర పక్క పల్లెలో గొర్రెలు కాసుకునే ఈ ముసలామె నోరు తెరిస్తే తిట్టే. కొడుకు ఐలేశ్ కూడా ఆమె కంటపడకుండా తిరుగుతాడు. మొగుడు పోయాక ఎండనక వాననక తిరిగి మందను పెంచింది, నిజమే. అంతమాత్రాన ఊరంతా ఆమె తిట్లు పడాలా?

ఆమెతో పనిపడటం నా ఖర్మ. మాది జనగామ. హైదరాబాదులో టీకాలు చేసే ల్యాబులో ఉద్యోగం. గొర్రెలకొచ్చే గొంతువాపుకు కొత్త టీకా చేస్తున్నాం. ఆ రోగం తెచ్చే బ్యాక్టీరియా ఒంటిమీద రకరకాల ప్రొటీన్లుంటాయి. వాటిలో సరైనదాన్ని ఎంచి గొర్రెకు ముందే చూపిస్తే, రోగమొచ్చినప్పుడు దాని ఒళ్లు శత్రువును గుర్తుపట్టి తిరగబడుతుంది. తప్పుది ఎంచితే సూది దండగ. నేనొక ప్రొటీన్‌ను పట్టుకుని ఏళ్లుగా పనిచేస్తున్నాను. అదే సరైనదని తేలాలంటే, రోగం తగిలి బతికిన గొర్రె నెత్తురు దాన్ని గుర్తుపట్టాలి. ఆ రోగమొస్తే బతికేవే తక్కువ. ఓదెమ్మ మందలో సగానికి పైగా చచ్చిపోయాయి, జబ్బుపడి లేచింది ఒక్క పొట్టేలు.

దాన్ని ఆమె గొర్రెలకాపరుల దేవుడు బీరప్పకు బలిస్తానని మొక్కింది.

"దేవుని జీవం గది. సూది గుచ్చితే నీ చెయ్యి ఇరగ్గొడ్త పిల్లా," అంది కర్ర చూపిస్తూ.

"అవ్వా, జర ఇను. నీ మందకే మంచిది."

"మంచిదట! పోయినేడు గూడ గిట్లనే ఒకడు సూదులేసి పోయిండు. గొర్లు సచ్చినంక మొఖం సూపిచ్చిండా?"

ఎవడో చేసినదానికి నాకు తిట్లు. ఒళ్లు మండింది. "అయితే మిగిలినయి గూడ సావనియ్యి," అన్నాను.

ఓదెమ్మ నన్ను ఎగాదిగా చూసి, లోపలికి వెళ్లి చెంబులో పసుపునీళ్లు తెచ్చింది. బలిచ్చే ముందు జీవం వీపున ఆ నీళ్లు పోస్తారు. అది ఒళ్లు విదిలిస్తే దేవుడు ఒప్పుకున్నట్టు. దాన్నే జడ్తియ్యడం అంటారు.

"నీ సూదికి జడ్తిస్తే తీస్కో. ఇయ్యకుంటే మల్ల నా వాకిట్ల అడుగు పెట్టకు."

నీళ్లు పోసింది. పొట్టేలు కదలదు, మెదలదు. బీరప్పను లోలోపల తిట్టుకున్నాను, ఆ వెంటనే మొక్కుకున్నాను. చివరికది తలనుంచి తోకదాకా విదిలించింది. పసుపునీళ్లన్నీ నా ముఖానే. ఓదెమ్మ నవ్వలేదు. కొమ్ములు పట్టుకుని "కానియ్యి" అంది.

ల్యాబులో చూస్తే ఆ నెత్తురు నా ప్రొటీన్‌ను గుర్తుపట్టనే లేదు. నేను పనికిరాదని పక్కన పడేసిన ఇంకో ప్రొటీన్‌ను గట్టిగా పట్టుకుంది. ఏడుపొచ్చింది. మా పెద్దసారు నర్సింగరావు ముందు ఏళ్ల పనిని నా నోటితో నేనే కొట్టేశాను.

పోయినేడు సూదులేసి ముఖం చాటేసినవాడితో ఓదెమ్మ నన్ను జమకట్టకూడదని, మళ్లీ వెళ్లి చెప్పాను.

"నేననుకున్నది తప్పవ్వా. సరైనదేదో నీ పొట్టేలు చూపెట్టింది."

"మరి సూది ఎన్నడేస్తవ్?"

"ఇంకా ఏండ్లు పడ్తది."

తిట్లకు సిద్ధమయ్యాను. ఆమె తిట్టలేదు. దొడ్లో మిగిలిన గొర్రెల వైపు తిరిగింది.

"గివి అన్నేండ్లు ఆగుతయా బిడ్డా?"