ఆఖరి కోటు మేస్త్రి చేతికి గన్ను

కార్లకు రంగు వేసే ఆ మనిషిని పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. అందరికీ ఆఖరి కోటు మేస్త్రి. "ఇదే ఆఖరి కోటు. రేపొచ్చి బండి తీసుకుపోండి" అని సాయంత్రం మాట ఇచ్చేవాడు. మర్నాడు యజమాని వచ్చేసరికి తలుపు రేకుకు చెంప ఆనించినంత పని చేసి, వాలుగా పడే వెలుతురులో ఏదో వెతుకుతూ కనిపించేవాడు. "ఇంకొక్కటి పడాలి" అనేవాడు. తిట్టుకుంటూ వెళ్ళినవాళ్ళే పదేళ్ళ తర్వాత రెండో కారు కూడా అతని దగ్గరికే తెచ్చేవాళ్ళు.

ముప్పై ఏళ్ళు ఒకే స్ప్రే గన్నుతో పనిచేశాడు. కింద చెంబులాంటి కప్పు వేలాడే పాతకాలపు బరువు గన్ను. దాన్ని ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. తమ్ముడు లిఫ్టు మెకానిక్కు. సెలవు రోజుల్లో షెడ్డుకు వెళ్ళి, అది ఎలా పట్టుకోవాలో చెప్పమని అడిగితే, "నోటితో నేర్పితే నోటికే వస్తుందిరా. చూడు" అనేవాడు. తమ్ముడు గోడవార నిలబడి చూసేవాడు. చూసినదాన్ని ఇంటి దగ్గర పాత రేకుల మీద, డబ్బా స్ప్రేలతో సాధన చేసేవాడు. అలా అంటుకున్నదే అతనికి ఈ రంగుల సరదా.

రెండేళ్ళ కిందట మేస్త్రికి మతిమరుపు జబ్బు పట్టుకుంది. ముందు రంగుల పేర్లు పోయాయి, తర్వాత మనుషుల పేర్లు. షెడ్డు మూసేశారు. సామానుతో పాటు గన్నూ ఎవరి చేతికో పోయింది. ఎనిమిది నెలలుగా నోట మాట కూడా లేదు. భార్యను చూస్తే, బస్సులో పక్క సీటు మనిషిని చూసినట్టు, మర్యాదగా కొంచెం జరిగి కూర్చుంటాడు.

రోజూ సాయంత్రం నాలుగింటికి మాత్రం లేస్తాడు. ఎవరూ లేపక్కర్లేదు, గడియారం చూడక్కర్లేదు. ఇంటికీ ప్రహరీ గోడకీ మధ్య నల్లబండలు పరిచిన వాకిలి ఉంది. ఆ ఖాళీ జాగాకు ఎదురుగా నిలబడతాడు. ఎడమచేతి వేళ్ళ వెనకభాగంతో గాలిని నిమురుతాడు, రేకు మీద నలక ఉందేమో చూసినట్టు. కుడిచెయ్యి పైకి లేస్తుంది. చూపుడువేలు ముడుచుకుంటుంది. మణికట్టు కదలకుండా, భుజం ఒక్కటే కదులుతూ, చెయ్యి ఈ చివర నుంచి ఆ చివరకు పోతుంది. చివర వేలు సడలుతుంది. చెయ్యి కాస్త కిందికి దిగి వెనక్కి వస్తుంది. మూల దగ్గర పక్కకు అడుగు వేసి తిరుగుతాడు. ముందుభాగం దగ్గర ముని వేళ్ళ మీద లేచి, చెయ్యి చాచి ముందుకు వంగుతాడు. అలా వంగిన మనిషి దేన్నీ ఆనుకోకూడదని పొట్ట లోపలికి పీల్చుకోవడం కూడా మరిచిపోడు. నలభై నిమిషాలు. తర్వాత లోపలికొచ్చి చేతులు కడుక్కుంటాడు.

"మీ అన్నయ్య డ్యూటీ దిగారు" అనేది వదిన, తువ్వాలు అందిస్తూ. మొదట్లో నవ్వుతూ అనేది.

ఆ సోమవారం నవ్వలేదు. "ఇలాంటివాళ్ళని చూసుకునే హోమ్‌లో మంచం ఖాళీ అయిందటయ్యా. శనివారం లోపు చెప్పమన్నారు."

"ఇప్పుడంత తొందరేంటి వదినా?"

"రెండుసార్లు గేటు దాటి పోయారు. నా నడుం నువ్వు మోస్తావా?" అని, గొంతు తగ్గించి అంది. "లోపల ఆయన ఉన్నారంటే నడుం విరిగినా చేస్తాను. ఎవరో పెద్దమనిషిని తెచ్చి ఇంట్లో పెట్టుకున్నట్టుంది నాకు. ఒక్కసారి మనలో ఎవరినైనా గుర్తుపట్టి పిలవనీ. హోమ్ ఊసెత్తను."

మాటలతో తేలే సంగతి కాదని తమ్ముడికి తెలుసు. అతను రెండేళ్ళుగా ఒక పాత కారును సొంతంగా బాగుచేసుకుంటున్నాడు. తుప్పు గీకాడు, చిల్లులకు రేకు అతికాడు, లప్పం పెట్టి నున్నగా రుద్దాడు. చిన్న కంప్రెసరు కూడా ఉంది. ఇక కొనాల్సింది గన్నే. ఎలాగూ కొనాలి. అన్న చేతికి సరిపోయేదే కొంటే? నిజం గన్ను, నిజం రంగు చేతిలో పడితే, ఆ చెయ్యి పిలిస్తే, మనిషి వస్తాడేమో.

మంగళవారం రంగుల దుకాణానికి వెళ్ళాడు. దుకాణదారు కళ్ళజోడు నుదుటి మీదకు తోసి, "కంప్రెసరు ఎంత?" అన్నాడు.

"యాభై లీటర్లు."

"అయితే ఈ పెద్దాయన జోలికి పోకండి" అని మెరిసిపోతున్న ఓ గన్నును పక్కకు పెట్టాడు. "పెద్ద షెడ్లవాళ్ళది. గాలి తాగదు, మింగుతుంది. మీ ట్యాంకు సగం తలుపు కూడా దాటదు, ఇది దగ్గడం మొదలెడుతుంది. రంగు చుక్కలు చుక్కలుగా కక్కుతుంది."

"కింద కప్పు ఉండే పాత రకం?"

"ఉంది. గట్టిది. కానీ సగం రంగు గాలిపాలు. మీ పక్కింటివాళ్ళ బట్టలక్కూడా రంగేస్తారు ఊరికే." మూడోది తీశాడు. కప్పు పైన ఉంది, ఒళ్ళు చిన్నది. "ఇది తక్కువ గాలితో నడుస్తుంది. కానీ దగ్గరగా పట్టాలి, నిదానంగా నడవాలి. దూరం పట్టేవాళ్ళకి పొడిపొడిగా పడుతుంది. తర్వాత నా దగ్గరకొచ్చి, ఆడలేక మద్దెల ఓడంటారు."

అట్టముక్క మీద మూడింటినీ కొట్టి చూపించాడు. తమ్ముడికి మూడూ బాగానే ఉన్నట్టనిపించాయి. అన్నకు అలవాటైంది పాతది. దాన్నే అడుగుదామని నోటిదాకా వచ్చింది. కొలవకుండా ఏ పనీ చేసే అలవాటు లేనివాడు కాబట్టి, రేపొస్తానని లేచాడు.

బుధవారం నాలుగింటికి జేబులో టేపు పెట్టుకుని అన్న పక్కన నిలబడ్డాడు. నిమిరిన ఎడమచెయ్యి ఎక్కడుందో అక్కడ రేకు ఉన్నట్టు. కుడి పిడికిలి అక్కడి నుంచి ఎంత దూరంలో ఉందో కొలిచాడు. ఆరున్నర అంగుళాలు. అటువైపు వెళ్ళి కొలిచాడు. ఆరున్నర. వెనకవైపు కూడా అంతే. ఒక్కో గీత నుంచి కింది గీతకు చెయ్యి దిగేది నాలుగు వేళ్ళ మందం. సగం మీద సగం పడేట్టు కొట్టడమే పద్ధతి కాబట్టి, గన్ను నుంచి విసనకర్రలా విచ్చుకునే రంగు ఎనిమిది వేళ్ళ వెడల్పు.

తమ్ముడు టేపు మడిచి కొళాయి గట్టు మీద కూర్చుండిపోయాడు. అన్న పాత గన్నుకు నిండు జానెడు దూరం కావాలి. ఆరున్నరలో దాన్ని పడితే రంగు కన్నీళ్ళలా కారిపోతుంది. ముప్పై ఏళ్ళ అలవాటు అన్న చేతిలో లేదు. ఆ చేతిలో ఉన్నది అన్న ఎన్నడూ పట్టుకోని గన్ను.

గురువారం దుకాణంలో అంకెలు చెప్పాడు. దుకాణదారు తల ఊపాడు. "మూడోదే. ఎవరో దీనిమీద బాగా చేసినాయన చెప్పుంటాడు."

"మా అన్న. రెండేళ్ళయింది ఆయన గన్ను ముట్టి."

"అలా కుదరదే! ఈ రకం వచ్చి ఏడాది కూడా కాలేదు" అన్నాడు దుకాణదారు, అట్టపెట్టె మీద దుమ్ము దులుపుతూ. ఇంకో బేరం రావడంతో అటు తిరిగాడు.

శుక్రవారం తమ్ముడు పని మానేశాడు. తన కారు బానెట్ విప్పి, వాకిట్లో గోడవారగా రెండు స్టాండ్ల మీద పెట్టాడు. తెల్ల ప్రైమరు పల్చగా కలిపి, వడకట్టి, కప్పులో పోసి, కంప్రెసరు ఆన్ చేశాడు. నాలుగవుతుంటే అన్న వచ్చాడు. మాస్కు కడుతుంటే, కట్టేవాడికి వీలుగా తలవంచాడు. కొత్త గన్ను చేతిలో పెడితే వేళ్ళు దాని చుట్టూ మూసుకున్నాయి, గూట్లోకి పిట్ట దూరినట్టు. వదిన వరండా స్తంభం పట్టుకుని నిలబడింది.

"ఇదిగో అన్నా, బానెట్" అన్నాడు తమ్ముడు.

మేస్త్రి బానెట్ వైపు చూడలేదు. గాలి గొట్టాన్ని భుజం మీదుగా వేసుకుని, ఎప్పటిలాగే ఖాళీ జాగా వైపు తిరిగాడు. ఎడమచేత్తో నిమిరాడు. మీట నొక్కాడు.

"అయ్యో, బండలన్నీ పాడవుతాయి! ఆపవయ్యా" అంది వదిన.

తమ్ముడు ఆపలేదు. ఆపడానికి చెయ్యి రాలేదు. రంగు సన్నటి పొగలా వస్తోంది. ఎదురుగా గోడ ఎనిమిదడుగుల దూరంలో ఉంది. పొగ అక్కడిదాకా పోవాలి కదా, పోవడం లేదు. గన్ను ముందు కొంచెం దూరం వెళ్ళి, దేనికో తగిలినట్టు పైకీ కిందికీ విడిపోతోంది. గాలి కదలడం లేదు. ఆరేసిన బట్టలు కూడా కదలడం లేదు. తమ్ముడు సరిగ్గా చూద్దామని ఎండకు అడ్డంగా రెండడుగులు ముందుకు వేశాడు.

మీట సడలింది. మేస్త్రి మాస్కు కిందకు లాగాడు.

"తమ్ముడూ, పక్కకు జరగరా. నీడ పడుతోంది."

ఎనిమిది నెలలు వాడని గొంతు. తుప్పు పట్టిన తలుపు బందులా ఉంది, కానీ అన్నదే. తమ్ముడు జరిగాడు. వరండాలో వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మేస్త్రి మాస్కు సర్దుకుని మళ్ళీ పనిలో పడ్డాడు. చుట్టూ తిరిగాడు, మూలలు మళ్ళాడు, ముని వేళ్ళ మీద లేచాడు. కప్పు ఖాళీ అయ్యాక గన్నును తమ్ముడి చేతికిచ్చి, అతని ముఖంలోకి తిన్నగా చూశాడు.

"ఆరనీ. ఎవర్నీ ముట్టుకోనివ్వకు" అని చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

తమ్ముడు కిందకు చూశాడు. నల్లబండల మీద తెల్లటి పొడి పలచగా పరుచుకుని ఉంది, అన్న నడిచిన దారంతా, గోడ మొదటిదాకా. మధ్యలో మాత్రం లేదు. పన్నెండడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు, మూలలు గుండ్రంగా, బండలు కడిగినట్టు నల్లగా ఉన్నాయి. వాన వెలిశాక కారు తీస్తే కింద నేల ఎలా ఉంటుందో అలా. అరలీటరు రంగు పోశాడు. బండల మీద పడింది గుప్పెడు పిండంత కూడా లేదు. మిగతాది ఎక్కడికి పోయిందో వెతకడానికి అతను చెయ్యి చాచలేదు. ముట్టుకోవద్దన్నాడు కదా.

వదిన కళ్ళు తుడుచుకుంది. "పిలిచారు కదూ? నిన్నే కదూ పిలిచింది?"

"నన్నే వదినా."

"ఎక్కడున్నారయ్యా మరి ఆయన?"

తమ్ముడు గన్ను విప్పి, సూది తీసి, థిన్నరుతో కడగడం మొదలుపెట్టాడు. రంగు ఎండితే గన్ను పోతుంది, ముందు ఆ పని చూడాలి.

శనివారం పొద్దున హోమ్ నుంచి ఫోను వచ్చేసరికి వదిన ఉతికిన దుప్పటి దండెం మీద వేయబోతోంది. దండెం వాకిలి అవతల. ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కి పట్టుకుని, తడి దుప్పటి గుండెకు హత్తుకుని, గోడను రాసుకుంటూ ఆ నల్లటి జాగా చుట్టూ తిరిగి వెళ్ళింది. "లేదండీ, ఇప్పుడు పంపడం కుదరదు" అంటోంది. "చేతిలో పనుంది ఆయనకి. ఎన్ని రోజులంటే... అది ఆయన్నే అడగాలి."