జర్మనీ మేడం మోకాలు

గల్ఫులో, బుదైయా అనే ఊళ్లో నేను పనిచేసే ఇంటి మేడం ఒకప్పుడు జర్మనీ దేశపు జట్టులో ఫుట్‌బాల్ ఆడింది. ఇరవై ఆరేళ్లకే మోకాట్లో లిగమెంటు తెగింది. మూడు ఆపరేషన్లయ్యాక డాక్టర్లు ఇక బంతి ముట్టొద్దన్నారు. క్లబ్బు వాళ్లు సాగనంపారు. ఆవిడ ఇక్కడికొచ్చి మా వీధి చివరి మైదానంలో ఆడపిల్లలకు ఆట నేర్పుతోంది. సాయంత్రాలు మోకాలికి నేనే ఐసు కడతాను.

"ఇంత నొప్పి పడుతూ ఎందుకు మేడం, మానేయొచ్చు కదా?" అని ఒకసారి అడిగాను.

"మానమన్నది వాళ్లు. నేను ఒప్పుకోలేదు," అంది.

ఒక శుక్రవారం గోలు కాసే పిల్లకు జ్వరమొచ్చింది. మేడం ఆ గ్లోవ్స్ నా చేతిలో పెట్టింది. పక్కింట్లో వంట చేసే మా ఊరి వదిన అటుగా వెళ్తూ ఆగింది.

"నలభై దాటాక నీకిదేం పనే? నలుగురూ నవ్వరూ?"

"నవ్వితే నవ్వనీ వదినా. నేనైతే కదల్ను."

చున్నీ నడుముకు బిగించి నిలబడ్డాను. ఐదు బంతులు వదిలేశాను. ఆరోది కడుపుకు తగిలి ఆగింది. ఊపిరాడక కూలబడితే మేడం కుంటుకుంటూ వచ్చి చెయ్యి అందించింది.

"ఇక చాలా? ఇంకా ఉంటావా?"

"ఉంటాను," అన్నాను.

జ్వరం తగ్గి ఆ పిల్ల తిరిగొచ్చింది. నేను మాత్రం ప్రతి శుక్రవారం అవతలి గోలు కాస్తూనే ఉన్నాను.