ఫ్యూజు చోట రాగితీగ

చాలా ఏళ్లుగా ఒక మాటను గొంతులో అడ్డం పెట్టుకుని తిరుగుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. అయినా దీన్ని తీసుకెళ్లి ఎవరి చెవిన వేస్తారోనని మీ మీద కూడా అనుమానమే. నా బుద్ధి అలా తయారైంది. నేను చేసిన పనే నన్నిలా చేసింది.

బోయిన్‌పల్లిలో నాకు కార్లలో మ్యూజిక్ సిస్టం బిగించే షాపు ఉంది. అప్పట్లో డేవిడ్ నా దగ్గర వైరింగ్ చేసేవాడు. నాకంటే కాస్త చిన్న, అన్నా అని పిలిచేవాడు. డిక్కీలో ఆంప్లిఫయర్ పెడితే దానికి కరెంటు ముందున్న బ్యాటరీ నుంచి లావుపాటి ఎర్ర వైరులో రావాలి. ఆ వైరుకు బ్యాటరీ పక్కనే ఒక ఫ్యూజు ఉండాలి. లోపల ఎక్కడైనా వైరు ఒరుసుకుని కారు రేకుకు తగిలితే ఫ్యూజు పోతుంది, కారు మిగులుతుంది.

ఒకరోజు అల్వాల్ నుంచి ఒకాయన కారు తెచ్చాడు. డేవిడ్ వైరు లాగి, ఫ్యూజు బిగించి, భోజనానికి ఇంటికి వెళ్లాడు. నేను సౌండ్ పెట్టి చూడబోతే ఫ్యూజు పోయింది. ఆ సైజుది షాపులో ఇంకొకటి లేదు. కారాయన స్టీరింగ్ ముందు కూర్చుని, ఎత్తిన బానెట్ అవతలి నుంచి తొందర పెడుతున్నాడు. ఇంట్లో ఫ్యూజు పోతే మనలో చాలామంది ఏం చేస్తాం? తీగ చుట్టేస్తాం. నేనూ అంతే. రాగిపోగులు మెలిపెట్టి ఫ్యూజు చోట బిగించి మూత పెట్టేశాను. పాట దద్దరిల్లింది. ఆయన మురిసిపోతూ వెళ్లిపోయాడు.

మర్నాడు పిలిచి మారుద్దామనుకున్నాను. పిలిచి ఏమని చెప్పాలి? ఇలాంటి పని చేసి పంపావా అంటే ఎక్కడ తల పెట్టుకోవాలి? రోజులు గడిచేకొద్దీ పిలవడం మరింత కష్టమైంది. మరిచిపోయానంటే అబద్ధం. గుర్తుండే ఊరుకున్నాను.

కొన్ని నెలలకు బొల్లారం దగ్గర ఆ కారు సీటు కింద వైరు అంటుకుంది. వెనక కూర్చున్న కూతుర్ని క్షేమంగా బయటికి లాగాడు గానీ, ఆయన అరచెయ్యి కాలింది. ఆ చేతికట్టుతోనే షాపుకొచ్చి, ఫ్యూజు డబ్బా మా ముందు పెట్టి, తీగ చూపించి, ఇది ఎవరు చేశారని అడిగాడు. డేవిడ్ వైపు చూశాను. ఆ చూపుతోనే అది డేవిడ్ పనేనని ఆయన అనుకున్నాడు.

ఆయన వెళ్లాక డేవిడ్ మెల్లగా అడిగాడు.

"అన్నా, గా తీగ నేనే చుట్టిన్నా? నాకైతే యాదికొస్తలేదు."

"వైరింగంత నువ్వే జేస్తవ్ గద తమ్మీ. నన్నడిగితె ఎట్ల?"

తన చేతుల వంక చూసుకున్నాడు. "గట్లయితె నేనే చుట్టిన్నేమో అన్నా."

మర్నాడు అల్వాల్ వెళ్లి ఆయన్ను క్షమించమని వేడుకున్నాడు. నేను పక్కనే నిలబడి చూశాను. కొన్నాళ్లకే పని మానేసి, మార్కెట్లో కూరగాయల వ్యాను నడపడానికి కుదిరాడు.

అప్పటి నుంచి నాకు మనశ్శాంతి లేదు. ఎదురుపడితే నవ్వుతాడు. ఎందుకు నవ్వుతాడు? ప్రతి క్రిస్మస్‌కు అతని భార్య కేకు తెచ్చిస్తుంది. నా ముఖం చదవడానికా? అంతా తెలిసీ, నన్ను లోలోపల ఉడికించడానికే డేవిడ్ పంపుతున్నాడా? ఇంత చేసిన వాడితో ఎవరైనా ఇంత మంచిగా ఉంటారా? ఒక్కోసారి, చెప్పడానికి సిగ్గేస్తోంది, తప్పు అతనిదే అయినట్టు కోపం కూడా వచ్చేది.

మొన్న క్రిస్మస్‌కు ఆమె మాటల మధ్యలో ఒక సంగతి చెప్పింది. ఇంట్లో బల్బు మార్చాలన్నా డేవిడ్ పక్కింటి వాళ్లను పిలుస్తాడట. తను ముట్టుకుంటే పిల్లలకు ఏమవుతుందోనని భయమట. తన చేతిని తను నమ్మలేనంటాడట.

అంటే ఇన్నేళ్లూ అతను నన్ను అనుమానించనే లేదు. తనను తాను అనుమానించుకుంటూ బతుకుతున్నాడు. ఆమె ఇంకా గుమ్మంలోనే ఉంది. చెప్పేయాల్సింది. కేకు బాగుందన్నాను.

అతనికి ఎప్పటికైనా చెబుతానా? నా మీద నాకు నమ్మకం లేదు. మీకైతే చెప్పాను, కాస్త ఊపిరాడుతోంది. డేవిడ్ ఆ తీగ చుట్టలేదు. నేను చుట్టాను.