రేడియేటర్ పెట్టిన చోటు

పలాసలో నాది జీడిపప్పు వ్యాపారం. జీడిపిక్కలు కొనడానికి తోటల్లోకి వెళ్లాలి. ఉద్దానం ఇసక దారుల్లో మామూలు బండి కూరుకుపోతుంది. అందుకని నాలుగు చక్రాలూ లాగే పాత పికప్ ఒకటి కొన్నాను. దాన్ని వెతికి, ఇంజను విప్పి చూసి, కొనిపెట్టింది మా బావ, అంటే మా అక్క భర్త. టెక్కలి రోడ్డులో ఆయనకు మెకానిక్ షెడ్డు ఉండేది. కిడ్నీలు పాడయ్యాక మూసేశాడు. మా వైపు ఈ జబ్బు ఎవరికైనా వచ్చిందంటే ఎందుకొచ్చింది అని అడగడం ఎప్పుడో మానేశాం. డయాలసిస్‌కి ఎక్కడికి వెళ్తున్నారు, పలాసా, సోంపేటా అని మాత్రం అడుగుతాం.

వారానికి మూడుసార్లు కవిటి దగ్గర వాళ్ల ఊరికి వెళ్లి, బావనీ అక్కనీ పలాస ఆసుపత్రికి తీసుకొచ్చి, అయిపోయాక దిగబెట్టడం నా పని. వెళ్లేటప్పుడు ఆయన ముందు సీట్లో కూర్చుని కబుర్లు చెప్పేవాడు. వచ్చేటప్పుడు కూర్చోగలిగేవాడు కాదు. ఒళ్లంతా పిండేసినట్టు అయిపోయేది, కాలి పిక్కలు కొంకర్లు పోయేవి. అందుకని బండి వెనక తొట్టిలో కొబ్బరి పీచు పరుపు వేసి, పైన టార్పాలిన్‌తో గూడు కట్టాం. అక్క ఆయన కాళ్ల దగ్గర కూర్చుని పిక్కలు నొక్కేది. కొబ్బరి తోటల్లోకి వచ్చేసరికి ఆయన నిద్రపోయేవాడు.

"రాజుగారి పల్లకీరా బామ్మర్దీ ఇది," అనేవాడు ఎక్కుతూ. "బోయీవి నువ్వు. కుదుపుల్లేకుండా మొయ్యి."

"రాజుగారూ, కాళ్లు లోపలెట్టండి, తలుపెయ్యాల," అనేది అక్క.

డయాలసిస్ కోసం ఆయన ఎడమ చేతిలో రక్తనాళాలు కలిపి కుట్టారు. అక్కడ అరచెయ్యి ఆనిస్తే లోపల రక్తం జుమ్మని పారడం తెలుస్తుంది. అది ఆగిపోకుండా చూసుకుంటూ ఉండమన్నారట. ఏదో మాట్లాడుతూనే కుడి చెయ్యి దాని మీద వేసి చూసుకోవడం ఆయనకు అలవాటైపోయింది.

ఇక నా సంగతి చెప్పాలి. ఆదివారాలు బారువ తీరంలో ఇలాంటి బండ్లున్నవాళ్లం కొందరం చేరేవాళ్లం. ఇసక దిబ్బల మీదికి ఎవరి బండి ఎక్కుతుందో చూసుకోవడం మా సరదా. నా బండి ముక్కు బరువు. ఎక్కబోయి ముందుకు కూరుకుపోయేది. ఒకసారి తుపానుకి పడి ఇసకలో పూడిపోయిన కొబ్బరి మొద్దు ఒకటి ముందు రేడియేటర్‌లో దిగింది. బుస్సుమని ఆవిరి లేచింది. వలలు బాగుచేసుకుంటున్న ఒకాయన తల కూడా ఎత్తకుండా, "ఏటి మావా, ఇసకలో ఇడ్లీలు ఉడకెడతన్నావేటి?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను కానీ, ఆ నవ్వు నాతోపాటు ఇంటికొచ్చింది.

శీతాకాలంలో అక్కడే పందెం పెడదామనుకున్నారు. రేడియేటర్‌ని వెనక తొట్టిలోకి మార్చిన బండి ఒకటి అప్పుడే ఫోన్లో వీడియోలో చూశాను. అలా మారిస్తే ముక్కు తేలికవుతుంది, మొద్దులు తగలవు. బావకు చూపించాను. ఆయన దాన్ని ఆపి ఆపి చూశాడు. చాలా నెలల తర్వాత ఆ ముఖంలో వెలుగు కనిపించింది.

"షెడ్డు తాళాలు ఎక్కడెట్టేవే?" అని అక్కని అడిగాడు.

బరువులు ఎత్తకూడదు కాబట్టి స్టూలు మీద కూర్చుని చెప్పాడు. చేసింది నేనూ, పక్క షెడ్డు వెల్డరూ. చాసిస్ కింద ముందు నుంచి వెనకదాకా రెండు పైపులు, ఒకటి వేడి నీళ్లు వెళ్లడానికి, ఇంకొకటి చల్లారి తిరిగి రావడానికి. ఇంజను తిప్పే ఫ్యాను అంత దూరం అందదు కనుక, తుక్కు కారులోంచి తీసిన కరెంటు ఫ్యాను. పొడుగు పైపుల్లో గాలి చిక్కుకుంటే నీళ్లు తిరగవు కాబట్టి, అన్నిటికంటే ఎత్తున నీళ్ల డబ్బా. ఇదంతా ఆయన సుద్దతో నేల మీద గీశాడు.

తొట్టిలో ఎక్కడ పెట్టాలి అన్న దగ్గర మాత్రం లేచాడు. నా భుజం పట్టుకుని తొట్టిలోకి ఎక్కాడు. దిండు పక్కకు జరిపాడు. క్యాబిన్ గోడ నుంచి జానలతో కొలిచాడు. కొలుస్తూ కొలుస్తూ పరుపు సగం దాకా వచ్చి ఆగాడు.

"ఇక్కడికి రేడియేటరు," అన్నాడు. తర్వాత మిగతా సగం వైపు చూశాడు. "ఎనకాల గాలి పోడానికి ఇదంతా ఒగ్గేయాల. ఏటీ ఎట్టకూడదు. మూసేత్తే ఉడికిపోద్ది."

నేను కింద నిలబడి ఉన్నాను. నువ్వెక్కడ పడుకుంటావు బావా, అని అడగాల్సిన చోటు అదే. ఆ మాట నాలుక దాకా వచ్చిందని కూడా చెప్పుకోలేను. వచ్చి ఉంటే కొంత నయంగా ఉండేది. ఆ క్షణంలో నాకు కనిపిస్తున్నది బారువ దిబ్బ.

ఆయనే పరుపు చుట్టి నాకందించాడు.

"మీ గొడౌన్లో ఎట్టు. ఇంటికాడ ఎలకలు కొరికేత్తాయి."

"పందెం అయిపోగానే మళ్లీ ముందుకు మార్చేద్దాం బావా."

"సూద్దాంలే. ముందు పని కానీ."

నీళ్లు పోసే రోజున నేను బోరు నీళ్ల బకెట్టు తెస్తే తిట్టాడు. ఆ నీళ్లకి లోపల పాచి కట్టేస్తుందని క్యాను నీళ్లు తెప్పించాడు. ఇంజను ఆన్ చేసి, డబ్బా మూత తీసి, బుడగలు ఆగేదాకా పోయమన్నాడు. పోస్తూనే ఉన్నాను.

ఆయనకు డాక్టర్లు నీళ్లు కొలిచి తాగమన్నారు. "సూసేవేటే," అన్నాడు అక్కతో. "దానికేమో క్యాన్లకి క్యాన్లు. నాకేమో అరగ్లాసు."

"దానికి నాలుక నేదు, మీకు రెండున్నాయి," అంది అక్క.

ఆయన నవ్వుతూ వంగి, వెనక పైపు మీద అరచెయ్యి ఆనించాడు. కాసేపు కళ్లు మూసుకున్నాడు. ఎడమ చేతిని చూసుకునేది సరిగ్గా అలాగే. "తిరుగుతంది," అన్నాడు. "సెయ్యెట్టి సూడు." పెట్టాను. ఇనుప పైపులో సన్నని వణుకు, మెల్లగా వేడి.

తర్వాత వాళ్లిద్దరూ రానూపోనూ నా పక్కనే ఇరుక్కుని కూర్చునేవారు. సీటు వెనక్కి వాలదు, వెనక గోడ. కాళ్లు చాపడానికి లేదు. తువ్వాలు మడిచి కిటికీ అద్దానికి తల ఆనించేవాడు. గతుకు వస్తే తల అద్దానికి కొట్టుకునేది. కొంకర్లు వచ్చినప్పుడు బండి ఆపమనేవాడు. రోడ్డు పక్కన దిగి, తలుపు పట్టుకుని నిలబడి, కాలు నేలకేసి నొక్కేవాడు. నేను ఇంజను ఆపకుండా కూర్చునేవాణ్ణి. ఆపి, దిగి, ఆ కాలు పట్టుకోవచ్చు. మీటరు ముల్లు చూస్తూ ఉండేవాణ్ణి, వేడెక్కుతోందేమోనని.

"ఆటో మాటాడుకుంతాంలేరా," అంది అక్క ఒకసారి.

"నేనుండగా ఆటో ఏంటి?" అన్నాను. నాకు పౌరుషం వచ్చింది. ఆటోలో కూడా పడుకోవడానికి ఉండదు, నిజమే. కానీ నేను చెయ్యాల్సింది పౌరుషానికి పోవడం కాదు.

పందేనికి ముందు వారం ఆయన ఒక రోజు రానన్నాడు. "ఒంట్లో బాగానే ఉందిరా. ఈపాలి ఒగ్గేద్దాం." ఆ రోజు నాకు కొత్త టైర్లు వేయించే పని ఉంది. ఆ మాట నాకు హాయిగా వినిపించింది. అక్క వైపు చూశాను. ఆమె నేల చూస్తోంది. శనివారం కూడా రానన్నాడు. అప్పుడూ సరే అన్నాను. డయాలసిస్ ఆయనకు కొత్తది కాదు. మానేస్తే ఏమవుతుందో నాకూ తెలుసు. ఆయన భయపడింది సూదికి కాదు, తిరుగు ప్రయాణానికి. అది తెలియనట్టు ఉండటానికి నేను పెద్దగా కష్టపడాల్సిన అవసరం కూడా రాలేదు.

ఆదివారం బండి దిబ్బ ఎక్కింది. గెలవలేదు కానీ ఎక్కింది. ఈలలు వేశారు. దిబ్బ మీద నుంచే బావకు ఫోన్ చేశాను.

"వేడెక్కిందేటి?"

"లేదు బావా. ముల్లు కదల్లేదు."

"అద్గదీ," అన్నాడు. మాటకీ మాటకీ మధ్య ఊపిరి అందుకుంటున్నాడు. గాలి హోరు అనుకున్నాను. అనుకోవాలనుకున్నాను.

సోమవారం పొద్దున్నే అక్క ఫోన్ చేసింది. ఒంటికి నీరు పట్టేసింది, ఆయాసం. ముందు సీట్లోనే, అక్క భుజానికి ఆనించి తీసుకొచ్చాం. ఆసుపత్రివాళ్లు చెయ్యగలిగినదంతా చేశారు. మధ్యాహ్నానికి పోయాడు. ఎడమ చెయ్యి దుప్పటి బయట ఉంది. దాని మీద అరచెయ్యి పెట్టి చూశాను. ఎందుకు పెట్టానో తెలియదు.

కాగితాలయ్యాక అక్కడి మనిషి అడిగాడు, బండి ఉందా అని. ఉందన్నాను. అన్ని రోజులూ ఆ గుమ్మం ముందు ఎలా పెట్టేవాణ్ణో అలాగే వెనక్కి తెచ్చి పెట్టి, తొట్టి తలుపు దించాను. స్ట్రెచర్ పట్టుకున్న ఇద్దరూ ముందుకొచ్చి ఆగిపోయారు. ఎదురుగా ఇనుప చట్రంలో రేడియేటర్, ఫ్యాను, నీళ్ల డబ్బా.

"ఎక్కడెట్టమంతారు?" అన్నాడు ఒకాయన. వెటకారం కాదు, అడిగాడంతే.

అక్క స్ట్రెచర్ పక్కనే నిలబడి తొట్టిలోకి చూస్తోంది. ఊళ్లోవాళ్లెవరో కొబ్బరికాయలు దించేసి తిరిగి వెళ్తున్న వ్యాను ఒకదాన్ని ఆపారు. పీచు ఊడ్చి, అందులో పడుకోబెట్టారు. అక్క అందులోనే, కాళ్ల దగ్గర కూర్చుంది. నేను ఖాళీ బండితో వెనకాలే వెళ్లాను. దారి పొడుగునా ఆమె ఆ పిక్కలు నొక్కుతూనే ఉంది.

పెద్దకర్మ అయ్యాక రేడియేటర్‌ని ముందుకు మార్చాను. పరుపు గొడౌన్ నుంచి తెచ్చి తొట్టిలో వేశాను. అది జీడి తొక్కల పొగవాసన పట్టేసింది. ఆ బండి తీసుకుని అక్క దగ్గరకు వెళ్లాను, ఏదో సరిదిద్దినవాడిలా. ఆమె గుమ్మంలోంచే చూసింది.

"ఆ కొలిసిన రోజు ఇంటికొచ్చి నాకు సెప్పేరురా," అంది. "నా పడక సోటు ఇమ్మని మీ తమ్ముడు అడుగుతాడేమోనని సూసేనే, అడిగితే నవ్వుతా ఇచ్చీవోణ్ణే, అన్నారు."

తర్వాత లోపలికి వెళ్లి నాకు మంచినీళ్లు తెచ్చింది. నిండు గ్లాసు. పట్టుకుని నిలబడ్డాను, తాగలేకపోయాను.